జీపుకెక్కిన సెలైన్ గొట్టం

గొట్టం అంటే మీకందరికీ లోకువే, నాకు తెలుసు. పనికిమాలినవాణ్ణి తిట్టాలంటే ఇంత పెద్ద భాషలో మీకు దొరికిన మాట "గొట్టంగాడు". అయినా చెప్పుకోక తప్పదు కనక చెప్పుకుంటున్నాను: నేనొక గొట్టాన్ని. సెలైన్ గొట్టాన్ని. అందులోనూ పూర్తి గొట్టాన్ని కాను, జానెడు ముక్కని. జానెడు పొట్ట కోసం మీరు పడే పాట్లు ఏనాడో పుస్తకాలకెక్కాయి. జానెడు గొట్టం పడ్డ పాట్లు అచ్చెక్కడం మాత్రం ఇదే మొదలు.

ఎక్కడం, ఎక్కించడం. నా జాతకంలో ఈ రెండు మాటలు తప్ప మూడోది లేదు. ఫ్యాక్టరీలో మమ్మల్ని మైళ్ళకొద్దీ సాగదీసి, నిలువెత్తు ముక్కలు కోసి, ఒక చివర బొట్లు రాల్చే బుడ్డి, ఇంకో చివర సూది తొడిగే టోపీ బిగించి, కవర్లో పెట్టి సీలు వేశారు. కవరు మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు అచ్చు వేశారు. ఒక్కసారి వాడి పారేయమని వాటి తాత్పర్యం. మన దేశంలో ఎవరూ చదవని సాహిత్యం చాలా ఉంది. అందులో ఇదొకటి.

నేను చేరింది కొండ దిగువనున్న దిగువపాలెంలో, అప్పల్రాజు డాక్టరు దగ్గరికి. ఆయనకి డిగ్రీ లేదు గాని హస్తవాసి ఉంది. ఆ ఊళ్ళో ఏ జబ్బొచ్చినా జనం మందడగరు, సెలైనడుగుతారు. సెలైన్ ఎక్కితేనే రోగం దిగుతుందని వాళ్ళ నమ్మకం. ఎక్కించకపోతే ఆయన్ని డాక్టర్ల లెక్కలోంచి దింపేస్తారు. అందుకని పళ్ళు పీకించుకోడానికి వచ్చినవాడిక్కూడా ఒక సీసా వేలాడదీసేవాడు.

నా వంతుకొచ్చిన రోగి పేరు సన్యాసిరావు. పేరుకే సన్యాసి. భార్య, ఇద్దరు పిల్లలు, ఒక డీజిల్ జీపు, వెరసి నలుగురు సంసారం. అతని ప్రేమ ఏ వరసలో నడిచేదో చెబితే ఇంట్లో గొడవలవుతాయి గనక చెప్పను. పదహారేళ్ళుగా దిగువపాలెం నుంచి ఎగువపాలెందాకా ఘాటు రోడ్డు మీద సర్వీసు తోలుతున్నాడు. శ్రావణమాసంలో జ్వరం తగిలి అప్పల్రాజు గారి బల్ల మీద పడుకుంటే, అతని చేతికి నన్ను తగిలించారు. సీసా అయిపోయినా ఎవరూ చూసుకోలేదు. అతని నెత్తురు నాలోకి రెండంగుళాలు ఎదురెక్కింది. మాది రక్తసంబంధం అని నేను అంటే మీరు కాదనకూడదు.

లేచి కూర్చోగానే అతను అడిగిన మొదటి మాట తన ఆరోగ్యం గురించి కాదు.

"ఈ గొట్టం పారేత్తారేటి డాట్రుగారూ? ఇలాగిచ్చీయండి."

కడిగి, చుట్టచుట్టి, జీపు డ్యాషుబోర్డు పెట్టెలో పడేశాడు. అందులో అప్పటికే రెండు విరిగిన తాళంచెవులు, మూతలేని టార్చిలైటు, ఏ బండివో తెలియని నట్లు పదిహేను కాపరం ఉంటున్నాయి. సన్యాసిరావు దేన్నీ పారేయడు. అతను నిజంగా సన్యసిస్తే ఆ పెట్టెతో సహా హిమాలయాలకి వెళతాడు.

సరిగ్గా పదిరోజులకి జీపులో ఒక ఎలుక పడింది. పడినది ఊరికే పోక, ఇంజను పక్కనున్న ఒక రబ్బరు గొట్టాన్ని కొరికిపోయింది. ఆ గొట్టం సంగతి మీకు చెప్పాలి. చెప్పకపోతే తరవాతి కథ తలకెక్కదు.

డీజిల్ బండికి టర్బో అని ఒకటుంటుంది. ఇంజను వదిలే పొగతోనే గిర్రున తిరుగుతూ, ఆ తిరుగుడుతో బయటి గాలిని ఇంజను గొంతులో కూరుతుంది. అల్లుడికి అత్తగారు అన్నం కూరినట్టు. ఆ కూరుడు బలాన్ని మెకానిక్కులు బూస్టు అంటారు. అదుంటే జీపు కొండెక్కుతుంది. లేకపోతే దీపం కొండెక్కినట్టే ఎక్కుతుంది. టర్బోకి ఆనుకుని ఒక రేకు డబ్బీ ఉంటుంది. ఇంజను తిప్పే ఒక పంపు, చిన్న గొట్టం గుండా ఆ డబ్బీలోంచి గాలి పీల్చేస్తే, దాని కడ్డీ లోపలికి లాక్కుంటుంది. కడ్డీ లాగితే టర్బో బిగువుగా పని చేస్తుంది. గొట్టం పీల్చకపోతే టర్బో ఊరికే షికారు తిరుగుతుంది. ఎలుక కొరికింది ఆ పీల్చే గొట్టాన్నే.

సన్యాసిరావు అటూ ఇటూ చూశాడు. డ్యాషుబోర్డు తెరిచాడు. బ్లేడుతో నన్ను జానెడు కోసి, రెండు కొసలకీ క్లిప్పులు బిగించి, నల్లటి టేపు చుట్టబెట్టి, వెనక్కి జరిగి తన పనితనాన్ని తనే మెచ్చుకున్నాడు.

"టెంపరవరీగా లాగిత్తాది," అన్నాడు.

మనుషులు తాత్కాలికంగా చేసినవన్నీ శాశ్వతంగా ఉండిపోతాయి, శాశ్వతమని ప్రమాణం చేసినవి ఏడాదికి విప్పుకుంటారు. ఎగువపాలెంలో టీ తాగేసరికి నా సంగతి అతనికి గుర్తే లేదు.

ఇక నా కొత్త ఉద్యోగం. వెనకటికి సెలైన్ మోశాను. ఇప్పుడు మోసేది శూన్యం. ఏమీలేనిదాన్ని రోజంతా మోసేవాళ్ళు ఆఫీసుల్లో కూడా ఉన్నారు గాని, వాళ్ళ నెత్తిన ఫ్యాన్లుంటాయి. నా పక్కన టర్బో కణకణ కాగుతుంటుంది. అయినా వానాకాలం చల్లగా గడిచింది. చలికాలమైతే ఘాటు మీద మంచు బానెట్లోకి వచ్చి మరీ పలకరించేది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోయింది. దాని వెనకాలే నా ప్రాణం కూడా పోవడం మొదలెట్టింది.

ఘాటులో పద్దెనిమిది మలుపులు. పదకొండో మలుపు దాకా ఒకటే ఎక్కుడు. ఆ ఎండలో, ఆ వేడికి, ఉడికిన సేమ్యాలా మెత్తబడిపోయాను. అవతలినుంచి పంపు పీలుస్తోంది. నా రెండు గోడలూ ఒకదాన్నొకటి కావిలించుకున్నాయి. అన్నదమ్ముల ఇళ్ళ మధ్య గోడలు ఇంత కలివిడిగా ఉంటే కోర్టులు మూతపడేవి. దారి మూసుకుపోయింది. కడ్డీ లాగలేదు. టర్బో షికారు పట్టింది. వెనక నల్లటి పొగ, ముందు మూలుగు, మధ్యలో పద్నాలుగు మంది జనంతో జీపు నిలబడిపోయింది.

అందరూ దిగారు. ఆ మలుపులో మలుపు పోలమ్మ గుడి ఉంది. గుడంటే నాలుగు రాళ్ళు, ఒక రేకు. బుట్టలో చేపలతో సంతకెళ్ళే నూకరత్నం దిగీదిగగానే సన్యాసిరావుని పట్టుకుంది. ఆవిడ నోరు జీపు హారన్ కన్నా దూరం వినిపిస్తుంది.

"ఎన్నాళ్ళైనాదిరా అమ్మకి కొబ్బరికాయ కొట్టి? టైమైపోతందనీసి హారనొకటి కొట్టీసి ఎల్లిపోతన్నావు. హారనేటి, ఆవిడికి నైవేద్యమా?"

సన్యాసిరావు లెంపలేసుకున్నాడు. బానెట్ ఎత్తి ఇంజనుకి పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, కొబ్బరికాయ కొట్టాడు, కర్పూరం గాలికి ఆరిపోతే మూడుసార్లు వెలిగించాడు. అంతా అయ్యేసరికి నలభై నిమిషాలు పట్టింది. ఎత్తిన బానెట్లోంచి కొండగాలి తగిలి నేను చల్లబడి, బిగుసుకుని, మళ్ళీ గుండ్రంగా గొట్టాన్నయ్యాను. తాళం తిప్పగానే జీపు రయ్యిమని ఎక్కింది. జనం జేజేలు పలికారు. అమ్మవారి మహిమ అమ్మవారిది, నా అలసట నాది. రెండూ ఒకే టైముకి తీరడం నా తప్పు కాదు.

ఆ రోజునుంచి ప్రతి ట్రిప్పుకీ పూజే. ఒక నియమం కూడా కనిపెట్టారు. పూజ పొట్టిగా చేస్తే జీపు పదమూడో మలుపులో ఆగుతుంది. పొడుగ్గా చేస్తే పైదాకా పోతుంది. దాంతో పూజ పెరిగింది. అష్టోత్తరం వచ్చింది. ఒక పెద్దాయన లలితా సహస్రం అందుకున్న రోజున జీపు ఎంత జోరుగా ఎక్కిందంటే, మర్నాడు జనం ఆయన్ని ఇంటికెళ్ళి పిలుచుకొచ్చారు.

సన్యాసిరావు దేవుడితో పాటు మెకానిక్కునీ నమ్ముకున్నాడు. దిగువపాలెంలో మస్తాన్ షెడ్డుంది. మస్తాన్‌కి పొద్దున్న ఆరింటికే పని మొదలు. ఆరింటికి నేనూ చల్లగా, ఆరోగ్యంగా ఉంటాను.

"తొక్కు," అన్నాడు మస్తాన్ ఇంజనులోకి వంగి. సన్యాసిరావు తొక్కాడు. కడ్డీ టక్కున లాక్కుంది.

"బేషుగ్గా ఉంది. జబ్బేం లేదు."

"కొండమీద సచ్చిపోతందిరా బాబూ."

"ఇక్కడ బతికే ఉంది కదా. బతికున్నదానికి పోస్టుమార్టం నేనెలా చెయ్యను? ఆగినప్పుడు పట్టుకురా."

"ఆగిపోతే ఎలాగ పట్టుకొత్తాన్రా!"

ఇద్దరూ చెప్పిందీ నిజమే. అందుకే వాదన గంటసేపు నడిచింది. మొదటి వారం మస్తాన్ డీజిల్ ఫిల్టరు మార్చాడు. రెండో వారం గాలి ఫిల్టరు దులిపాడు. అందులోంచి వచ్చిన దుమ్ములో ఒక కుండీ మొక్క పెంచొచ్చు. టర్బో మూతి విప్పి, లోపలి రెక్కని వేలితో తిప్పాడు. అది హాయిగా తిరిగింది. గొట్టాలన్నీ తడుముతూ నా దాకా వచ్చాడు. టేపు మీంచి నన్ను రెండు వేళ్ళతో నొక్కాడు. పొద్దుటి చలికి గట్టిగానే తగిలాను.

"ఈ పైపు బాగుంది," అన్నాడు.

దొంగని భుజం తట్టి పంపేసిన పోలీసులా ముందుకెళ్ళిపోయాడు. పక్కనే నిలబడి ఉన్న సన్యాసిరావు కూడా "అదా? అది బాగుంటాది," అన్నాడు. నన్ను అక్కడ పెట్టిన చెయ్యి అతని జేబులో ఉంది. పెట్టిన బుర్ర ఎక్కడుందో నాకు తెలీదు. అరుద్దామంటే నాకు ఉన్నవి రెండు నోళ్ళు, రెంటికీ క్లిప్పులు.

చివరికి మస్తాన్ చేతులు తుడుచుకుని తీర్పు చెప్పాడు. "ఫిల్టర్లు కాదు, పైపులు కాదు. మిగిలింది టర్బోయే. బూస్టు రావట్లేదు. కొత్తది విశాఖపట్నం నుంచి రావాలి. పది రోజులు."

బూస్టంటే పాలల్లో కలుపుకునేదొక్కటే తెలిసిన సన్యాసిరావు భార్య, "దానికి పది రోజులెందుకు, మన కిరాణాకొట్లో ఉంటాదిగా," అంది. పాపం టర్బో! పక్క ఇంటి గొట్టం చేసిన నేరానికి అది ఉరికంబం ఎక్కుతోంది. చూస్తూ ఊరుకోవడం తప్ప నాకేమీ చేతకాలేదు. మనుషుల్లో నోరున్నవాళ్ళు కూడా ఇలాంటప్పుడు అదే చేస్తారని విన్నాను.

పది రోజులు ఆగే వీలు లేకుండా పోయింది. సర్వీసు జీపుల స్టాండుకి సెక్రటరీ జోగినాయుడు. ఎగువపాలెం స్టాండులో ఒక బోర్డు, దాని మీద పంతొమ్మిది మంది డ్రైవర్ల పేర్లు. బోర్డు మీద పేరున్నవాడికే వరసలో టర్ను. పేరు లేనివాడు ఘాటు మీద ఒక్క మనిషిని ఎక్కించుకోడానికి లేదు. మంగళవారం సాయంత్రం జోగినాయుడు జీపు దగ్గరికొచ్చి చక్రాన్ని చెప్పుకాలితో తన్నాడు.

"ఏరా సన్యాసీ, ఇది సర్వీసు జీపా, తీర్థయాత్ర స్పెషలా? జనం నీ టర్నొచ్చిందంటే ఎనకబండి ఎక్కుతన్నారు."

"రెండ్రోజులన్నా. సరైపోద్ది."

"శుక్రారం సంత. ఆ రోజు నువ్వు నా ముందు టర్ను. నీ ఎనకే నా బండి. పోలమ్మ మలుపులో ఒక్క పాసింజరు కాలు కింద ఎట్టినాడో, నీ పేరు సున్నమెట్టి తుడిసేత్తాను."

"పదారేళ్ళన్నా..."

"పదారేళ్ళనీసే శుక్రారం దాకా ఆగేను."

అందరూ వెళ్ళాక సన్యాసిరావు బోర్డు దగ్గరికెళ్ళాడు. మెడలోని తువ్వాలు తీసి, బోర్డు మీద తన పేరు ఉన్నంత మేర దుమ్ము తుడిచాడు. తుడిచి, కాసేపు దాన్నే చూశాడు. నవ్వించడం నా స్వభావం గాని, ఆ క్షణాన నాకు కూడా లోపల ఏదో అడ్డుపడ్డట్టయింది. నాలో అడ్డుపడ్డానికి ఏమీ లేదు, శూన్యమే. అయినా అడ్డుపడింది.

శుక్రవారం వచ్చింది. ఎండ తొమ్మిదింటికే నిప్పులు చెరుగుతోంది. ముందు సీట్లో ఎస్తేరు సిస్టరు కూర్చుంది. ఎగువపాలెం ఆరోగ్య కేంద్రానికి వారం కిందటే బదిలీ అయి వచ్చిన నర్సు. బస్సు తప్పిపోయి తొలిసారి జీపెక్కింది. ఒళ్ళో నీలం రంగు మందుల పెట్టె. పిల్లలకి వేసే టీకాలూ, వాటి చుట్టూ ఐసూ ఉన్నాయందులో. వెనక సీట్లో నూకరత్నం. ఆవిడ కాళ్ళ దగ్గర బుట్టలో చేపలు, వాటి చుట్టూ కూడా ఐసే. ముందూ ఐసు, వెనకా ఐసు, మధ్యలో సన్యాసిరావుకి చెమట.

పది మలుపులు గడిచాయి. పదకొండో మలుపులో మామూలుగానే నేను సేమ్యానయ్యాను. జీపు మూలిగి, పొగ వదిలి, పోలమ్మ ఎదుట మోకరిల్లింది.

సన్యాసిరావు ఒక్క గెంతు గెంతి తలుపులకి అడ్డంగా నిలబడ్డాడు. "ఎవ్వురూ దిగొద్దు! దండవెడతాను, కాలు కింద ఎట్టొద్దు! సీట్లోనే కూకోండి!"

ఇన్నాళ్ళూ దిగమన్న మనిషి దిగొద్దంటున్నాడేమిటని జనం తెల్లబోయారు.

"దిగొద్దంటే?" అంది నూకరత్నం. "ఉడికిపోతన్నాం. ఇంకో అరగంటాగితే నా సేపలు కూడా ఉడుకుతాయి. ఇక్కడే పులుసు సేసి అమ్మీమంటావేటి?"

సన్యాసిరావు బానెట్ ఎత్తాడు. కొబ్బరికాయ తీశాడు. కింద ఎక్కడో మలుపులో జోగినాయుడి హారన్ వినిపించింది. ముందు తలుపు తెరుచుకుంది.

"అమ్మా దిగొద్దు, నా పేరు..."

"నేను పాసింజర్ని కాదు, డ్యూటీలో ఉన్నాను," అంటూ ఎస్తేరు సిస్టరు దిగింది. "మధ్యాహ్నంలోగా ఈ మందులు చేరాలి. ఎంతసేపు పడుతుంది?"

"పూజైపోతే లేత్తాదమ్మా."

"ఏం జబ్బుకి ఈ పూజ?"

సన్యాసిరావు చెప్పుకున్నాడు. ఆవిడ పూజని కాదనలేదు. జీపునీ తిట్టలేదు. అరుగు మీద కూర్చున్న రోగిని అడిగినట్టు అడగడం మొదలెట్టింది.

"ఎన్నాళ్ళనుంచి ఇలా?"

"శివరాత్రెళ్ళినకాణ్ణించి."

"పొద్దున్నపూట ఉంటుందా?"

"పొద్దున్న బాగానే ఉంటాది. ఎండెక్కితేనే నీరసం."

"కాసేపు పడుకోబెడితే?"

"లేత్తాది. ఎంత ఎక్కువ పడుకుంటే అంత బాగా లేత్తాది."

"ఇంతకు ముందు ఆపరేషన్లేమైనా అయ్యాయా?"

సన్యాసిరావు కొబ్బరికాయ కింద పెట్టేశాడు. మూడు నెలల్లో ఏ మెకానిక్కూ అడగని ప్రశ్న అది. జబ్బు ఎక్కడుందని అందరూ వెతికారు. ఇదివరకు ఈ ఒంటి మీద ఎవరు చెయ్యి చేసుకున్నారని ఒక్కరూ అడగలేదు. అతని కళ్ళు మెల్లగా, చాలా మెల్లగా, నావైపు తిరిగాయి. తొమ్మిది నెలల తరవాత మా చూపులు కలిశాయి.

"ఒకటైనాదమ్మా," అన్నాడు నీళ్ళు నములుతూ. "నానే సేసేను. ఎలక కొరికితేని... టెంపరవరీగా..."

ఎస్తేరు సిస్టరు వంగింది. ఎండకి నా టేపు జిగురు కరిగి ఒక పక్క ఊడి వేలాడుతోంది. కింద నేను, మాసిపోయి, పచ్చబడి, పళ్ళకింద నలిగిన చెరుకు తొక్కలా చప్పిడిగా అతుక్కుపోయి ఉన్నాను. ఆవిడ వేలితో ఒక్కసారి ముట్టుకుని టక్కున వెనక్కి తీసింది.

"ఇది సెలైన్ సెట్టు!"

"అవునమ్మా. మా అప్పల్రాజు డాట్రుగారి కాడిది. నాకెక్కించిందే."

"నీకెక్కించింది దీనికెక్కించావా!"

జీపులో నవ్వులు మొదలయ్యాయి. ఆవిడ నవ్వలేదు.

"చూడు బాబూ. సెలైన్ గొట్టం దిగువకి జారే నీళ్ళని మోయడానికి. లాగడానికి కాదు. రోగి గొంతులో కఫం లాగే మిషనుకి మేం వాడే గొట్టం వేలంత మందం ఉంటుంది. ఎందుకు? పల్చటిదాంతో లాగితే ఇలాగే అతుక్కుపోతుంది. చల్లగా ఉన్నంతసేపు దీని ఒంట్లో సత్తువ ఉంది. ఇప్పుడు కాలిపోతోంది. మనిషి ఇలా కాలిపోతుంటే ఏం చేస్తాం?"

"సెలైన్ ఎక్కిత్తాం."

ఆవిడ ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. వాళ్ళ దేవుణ్ణి తలుచుకుందనుకుంటాను. "చల్లటి గుడ్డ వేస్తాం!" అంది.

సన్యాసిరావు చూపు ముందు సీట్లోని నీలం పెట్టె మీద పడింది. చెయ్యి కూడా పడబోయింది.

"చెయ్యి తియ్యి. ఆ ఐసు పసిపిల్లల మందుది. నీ పేరు బోర్డు మీద ఉన్నా పోయినా ఆ మూత తెరుచుకోదు."

హారన్ మళ్ళీ వినిపించింది. ఈసారి ఎనిమిదో మలుపులో. సన్యాసిరావు గిరుక్కున వెనక్కి తిరిగాడు. నూకరత్నం అప్పటికే బుట్టని రెండు చేతులా కావిలించుకుంది.

"అమ్మో! నా సేపలు! ఐసు తీసీస్తే సంతకెల్లేసరికి కంపుకొడతాయి!"

"అక్కా, నీ కాల్మొక్కుతాను. రెండు గుప్పిళ్ళు."

"పదారేళ్ళ నుంచి ఎక్కుతన్నాను నీ బండి. సేపల కంపనీసి ఎప్పుడూ ఎనకే తొక్కుతన్నావు. ఒక్కనాడు ముందు సీట్లో కూకోబెట్టేవేటి?"

"శుక్రారం శుక్రారం ముందు సీటు నీదే! పోలమ్మ మీదొట్టు!"

"ఎవురడిగినా?"

"జోగినాయుడడిగినా!"

నూకరత్నం బుట్టలోంచి రెండు గుప్పిళ్ళు తీసింది. ఒక నిమిషం ఆలోచించి మూడోది కూడా తీసింది. సన్యాసిరావు తువ్వాల్లో ఐసు పోసి, సిస్టరు చూపించినట్టు టర్బోకి తగలకుండా నా చుట్టూ మూటకట్టాడు. ఐసుతో పాటు రెండు పొలుసులు, ఒక రొయ్య మీసం కూడా వచ్చాయి. నాకు అభ్యంతరం లేదు. ఆ చల్లదనం ఒంట్లోకి పాకుతుంటే నా గోడలు రెండూ విడిపోయాయి. కాపరాలు విడిపోవడం మంచిదైన సందర్భం లోకంలో ఇదొక్కటే అయ్యుంటుంది.

తాళం తిప్పాడు. పంపు పీల్చింది. కడ్డీ లాగింది. అప్పటిదాకా నిందలు మోస్తున్న టర్బో ఒక్క ఈల వేసి, గాలిని ఇంజను గొంతులో కూరేసింది. పన్నెండో మలుపు, పదమూడు, పద్నాలుగు. ఐసు కరిగి ఇంజను మీద చుయ్ చుయ్‌మని పడుతోంది. ప్రతి చుయ్‌కీ చేపల వాసన జీపంతా కమ్ముకుంటోంది. ముందు సీట్లో సిస్టరు ముక్కుకి కొంగడ్డం పెట్టుకుని, రెండో చేత్తో పెట్టె అదిమి పట్టుకుంది. పదహారు. పదిహేడు. ఐసు అయిపోయింది. మళ్ళీ మెత్తబడుతున్నాను. శూన్యాన్ని మోయడం ఎంత బరువో ఆ చివరి మలుపులో తెలిసింది నాకు. పద్దెనిమిదో మలుపు తిరిగి ఎగువపాలెం స్టాండు కనిపించేదాకా, ఉన్న కాస్త ప్రాణాన్నీ బిగపట్టాను.

జీపు వెళ్ళి బోర్డు కింద ఆగింది. ఐదు నిమిషాల్లో వెనకే జోగినాయుడు దిగాడు. చేతిలో నిజంగానే సున్నం డబ్బా, కుంచె ఉన్నాయి. ముందు ముక్కు ఎగబీల్చాడు.

"ఏట్రా ఈ కంపు? ఇంజన్లో సేపలెయిస్తన్నావా? ఏం, మలుపులో ఎవురైనా దిగేరా?"

జీపులో పద్నాలుగు నోళ్ళు ఒక్కసారే "నేదు!" అన్నాయి. నూకరత్నం ఒక్కతే నలుగురి పెట్టుగా అంది. సన్యాసిరావు మాత్రం తల తిప్పి బోర్డు వైపు చూశాడు. పదహారేళ్ళలో అతను పోలీసులకి అబద్ధం చెప్పి ఉంటాడేమో గాని స్టాండులో చెప్పలేదు.

"నేను దిగాను," అంది ఎస్తేరు సిస్టరు. "పేషెంటుని చూడ్డానికి."

"ఎవురమ్మా పేషెంటు?"

ఆవిడ బానెట్ వైపు చూపించింది. జోగినాయుడు తొంగిచూశాడు. చేపల పొలుసులతో, తడి తువ్వాల్లో పడుకున్న నన్ను చూశాడు. సన్యాసిరావుని చూశాడు. విషయం తెలిసేసరికి అతని పొట్ట ఊగడం మొదలెట్టింది.

"డాట్రమ్మలు దిగితే దిగినట్టు కాదులే," అన్నాడు నవ్వాపుకుంటూ. తెచ్చిన సున్నం ఏం చెయ్యాలో తోచక, బోర్డు కింద రాయికి నాలుగు చారలు పూసి వెళ్ళిపోయాడు.

స్టాండు ఎదురుగా ట్రాక్టర్ల కొట్లో మందపాటి రబ్బరు గొట్టం దొరికింది. నిమిషంలో బిగించేశారు. మూడు నెలల మూలుగు, మూడు మెకానిక్కు తీర్పులు, ముప్పై కొబ్బరికాయలు. అన్నిటికీ మందు మూరెడు రబ్బరు. విశాఖపట్నం నుంచి రావలసిన టర్బోని రావొద్దని మస్తాన్‌కి ఫోన్ చేసి చెప్పారు. "నేనప్పుడే అన్నాను కదా, పైపు మీద అనుమానమని," అన్నాడట మస్తాన్. వైద్యులందరూ ఒకటే కులం.

నన్ను ఎస్తేరు సిస్టరు రెండు వేళ్ళతో ఎత్తి, ఆరోగ్య కేంద్రం మెట్ల దగ్గరికి తీసుకొచ్చింది. సన్యాసిరావు వెంటే వచ్చాడు. మెట్ల మీద తల్లులు పిల్లల్ని ఎత్తుకుని కూర్చున్నారు. ఆవిడ నీలం పెట్టె గట్టు మీద పెట్టి, గోడకి తగిలించిన, ఆసుపత్రి చెత్త వేసే ఎర్ర సంచీ విప్పి, కత్తెర తీసింది.

"వాడిన గొట్టాన్ని ముక్కలు చేసిగాని పారేయకూడదు. అది రూలు. ఈ రూలు ఎవరి కోసం పెట్టారో నాకు ఇన్నాళ్ళూ తెలీదు. ఇవాళ చూశాను."

సన్యాసిరావు సిగ్గుపడి తల గోక్కున్నాడు. కత్తెర పడింది. ఒకటి. రెండు. నొప్పి లేదు. ఇంత శ్రద్ధగా నన్ను చూసినవాళ్ళు ఇంతకు ముందెవరూ లేరు. మూడు. నాలుగో ముక్క ఇంకా ఆవిడ వేళ్ళ మధ్య ఉంది. రెండంగుళాలు ఉంటుంది. పారదర్శకంగా, నికరంగా ఉంది. ఏ పెట్రోలు పైపుకో అతుకేయడానికి దివ్యంగా సరిపోతుంది.

సన్యాసిరావు చెయ్యి ముందుకొచ్చింది. అతను ఇమ్మనలేదు, పాపం. చెయ్యే వచ్చింది, దాని దారిన అది.

ఎస్తేరు సిస్టరు ఆ అరచేతిని చూసింది. అతని మొహం చూసింది. నన్ను ఎర్ర సంచీలో పడేసి, చాచిన ఆ చేతిలో మందుల పెట్టె పెట్టింది.

"పద. పిల్లలు ఏడుస్తున్నారు."

సంచీ మూతి ముడిపడేలోగా నేను చివరిసారి చూసింది అతన్నే. పెట్టెని రెండు చేతులతో గుండెలకి పట్టుకుని, ఒక్కొక్క మెట్టే, ఎక్కడా ఆగకుండా ఎక్కుతున్నాడు.